పుస్తకం "మస్తుంది" అంటే సరిపోదు: సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ, యుద్ధ చరిత్ర చదివి అభిప్రాయం ఎట్ల చెప్పాలె

ఎవలన్న "ఆ పుస్తకం ఎట్లుంది?" అని అడుగుతరు, మనం "మస్తుంది" అంటం, లేకుంటె "బోర్ కొట్టింది" అంటం, ముచ్చట అక్కడికే ఒడుస్తది. అడిగినోళ్లకు ఆ ఒక్క మాటతోని ఏం పనయితది చెప్పుండ్రి. వాళ్ల చేతుల నాలుగైదు వందలున్నయి, రాత్రిపూట పిల్లలు పండుకున్నంక ఓ గంట టైం దొరుకుతది, ఆ పైసలు ఆ గంట ఈ పుస్తకం మీద పెట్టాల్నా వద్దా అని తెల్సుకుందామని అడిగిండ్రు. మనం మంచిగ చెప్తె వాళ్లకు ఒక మంచి పుస్తకం దొరుకుతది, చెప్పకుంటె షెల్ఫుల దుమ్ము పట్టేది ఇంకొకటి పెరుగుతది.

హన్మకొండ, వరంగల్, కాజీపేటల ఈ మూడు రకాల పుస్తకాలు చదివేటోళ్లు తక్కువేం లేరు, కాని ఒకల ముచ్చట ఒకలకు ఎక్కదు. సైన్స్ ఫిక్షన్ చదివేటోళ్లు ఫాంటసీని పిల్లల కథలంటరు, యుద్ధ చరిత్ర చదివేటోళ్లు ఆ రెండూ టైం వేస్టంటరు, ఫాంటసీ వాళ్లేమో చరిత్ర అంటె తారీఖులు బట్టీ పట్టుడే అనుకుంటరు. నాకైతె మూడింటిని ఒక్క కాడ కూసొని మాట్లాడుకుంటేనే మజా అనిపిస్తది. దానికి కావల్సినవి రెండే: అభిప్రాయం చెప్పేటోళ్లు పేజీ చూపెట్టాలె, ఇగ ఏ రకం పుస్తకాన్ని ఆ రకం కొలతతోనే కొలవాలె. ఈ రెండు ఎట్ల చెయ్యాల్నో కింద రాస్తున్న.

చదువుతున్నప్పుడే చిట్టీలు పెట్టుకోవాలె

పుస్తకం ఒడిసినంక కూసొని ఆలోచిస్తె ఆఖరి యాభై పేజీలే యాదికొస్తయి, మొదట్ల ఏమనిపించిందో పోతది. అందుకే పాత క్యాలెండర్ కాయితం చింపి చిన్న చిన్న చిట్టీలు చేసుకొని పుస్తకంల పెట్టుకోండ్రి. మూడు కాడల పెడితె చాలు: నిద్ర ఆపుకొని చదివిన కాడ, పుస్తకం మూసి పక్కన పెట్టిన కాడ, చదివింది నమ్మబుద్ధి కాని కాడ. చిట్టీ మీద ఒక్క ముక్క రాయాలె, ఎట్లంటె "112, సైన్యం మూడు రోజులు ఆగకుంట నడిచిందంటడు, తిండి ఎక్కడిది?" గిట్ల. లైబ్రరీ పుస్తకమైతె పెన్సిల్ గీతలు అస్సలొద్దు, తర్వాత చదివేటోళ్ల కండ్లు మన గీత మీదికే పోతయి, వాళ్లది అనేటిది వాళ్లకు మిగలదు. ఫోన్ల చదివేటోళ్లు పేజీ ఫొటో తీసుకుంటె నడుస్తది గని మళ్ల తీసి చూసేటోళ్లను నేను చానా తక్కువ చూసిన, చిట్టీయే నయం.

సైన్స్ ఫిక్షన్‌కు అడగాల్సింది: మారింది ఏంది, మారినంక ఏమైంది

ఈ రకం పుస్తకంల రచయిత మనకు తెల్సిన లోకంల ఒకటో రెండో సంగతులు మారుస్తడు, ఆ మార్పుతోని మిగతాదంతా ఎట్ల కదిలిందో చూపెడ్తడు. అభిప్రాయం చెప్పేటప్పుడు ముందుగాల ఆ మార్పేందో ఒక్క వాక్యంల చెప్పుండ్రి, తర్వాత ఆ మార్పును రచయిత చివరిదాక పట్టుకున్నడా నడుమల మర్చిపోయిండా చెప్పుండ్రి.

మన ఊర్ల ఇంజనీరింగ్ చదివినోళ్లు ఎక్కువ, 1959ల ఆర్ఈసీ (ఇప్పటి ఎన్ఐటీ) వచ్చినప్పటి నుంచి ఇంటికొకలు ఉన్నట్టే, అందుకని ఫిజిక్స్ తప్పులు మనోళ్లు మస్తు పడ్తరు. పట్టాల్సిందే, అది మంచి గుణం. కాని తప్పు పట్టుకొని అక్కడ్నే ఆగొద్దు, ఆ తప్పు తీసేస్తె కథ కూలుతదా నిలబడ్తదా అనేది కూడ చెప్పాలె. జూల్స్ వెర్న్ 1865ల రాసిన 'ఫ్రమ్ ది ఎర్త్ టు ది మూన్' తీస్కోండ్రి. 900 అడుగుల ఫిరంగిల గుండు పెట్టి, ఆ గుండుల ముగ్గురిని కూసోబెట్టి చంద్రుని మీదికి పేలుస్తరు. లెక్క వేస్తె ఆ ఫిరంగి దాటేలోపల మనిషి మీద భూమి ఆకర్షణకు 20 వేల రెట్లకు మించిన ఒత్తిడి పడ్తది, ఒక్కలు బతకరు. అంటె పుస్తకం వేస్టా? కాదు. చంద్రుడు నడినెత్తికి వచ్చే జాగ నుంచే పేల్చాలె, అది భూమధ్య రేఖకు 28 డిగ్రీల లోపలనే ఉంటది, అమెరికాల అట్లాంటిది ఎక్కడ దొరుకుతది అని లెక్కగట్టి ఫ్లోరిడాను పట్టుకున్నడు. 1969ల అపోలో 11 లేచింది కూడ ఫ్లోరిడా నుంచే, కారణం వేరే అయినా సరే. మన శ్రీహరికోటను భూమధ్య రేఖకు దగ్గరగ ఎందుకు పెట్టిండ్రు అనే ముచ్చట ఇక్కడ్నుంచి ఎత్తుకుంటె ఇంటర్ పిల్లలు కూడ మాట్లాడ్తరు. పుస్తకం మీద అభిప్రాయం అంటె గిట్ల తప్పు, ఒప్పు రెండూ పక్కపక్కన పెట్టుడు.

1901ల హెచ్.జి. వెల్స్ అనే ఇంగ్లీష్ రచయిత కూడ చంద్రుని మీదికి మనుషులను పంపిండు, కాని ఆకర్షణను ఆపే ఒక పదార్థం ఊహించుకొని పంపిండు. వెర్న్‌కు అది నచ్చలె, నేను ఫిజిక్స్ వాడిన, ఆయన కల్పిస్తున్నడు, అసొంటి లోహం ఉంటె చూపెట్టమనుండ్రి అని ఒక ఇంటర్వ్యూల అన్నడు. ఇది వినంగనె మీతోని కూసున్నోళ్లల్ల సగం మంది వెర్న్ దిక్కు, సగం మంది వెల్స్ దిక్కు అయితరు, అప్పుడు అడగాల్సిన మాట ఒక్కటే: నీకు ఈ పుస్తకం "ఇది అయితదా" అని చెప్పాల్నా, "అయితె మనుషులు ఎట్లుంటరు" అని చెప్పాల్నా? ఈ రెండిట్ల ఏది కోరుకొని చదివిన్రో ముందుగాల చెప్పేస్తె సగం కొట్లాట తగ్గుతది.

గుట్టు ఎక్కడిదాక విప్పాలె అనేది కూడ ఇక్కడ్నే చెప్త. అట్ట వెనక రాసింది, మొదటి యాభై పేజీలది చెప్పొచ్చు. దాని తర్వాతది చెప్పాల్నంటె "చెప్పాల్నా?" అని అడగాలె, ఒక్కలు వద్దన్నా ఆగాలె.

ఫాంటసీకి అడగాల్సింది: మంత్రానికి ఖర్చెంత

ఫాంటసీని సైన్స్ తోని కొలవొద్దు, దాని రూల్స్ తోని దాన్నే కొలవాలె. మంత్రం ఉంటె ఉండనీ, ఎవలకు వస్తది, ఎప్పుడు పనిచెయ్యది, వాడినోడు ఏం పోగొట్టుకుంటడు? ఇవి చెప్పకుంట హీరో ఇరుక్కున్నప్పుడల్లా కొత్త మంత్రం పుట్టుకొస్తె నమ్మకం పోతది, అట్ల పోయిన పేజీకే చిట్టీ పెట్టాలె. మనకు ఈ చదువు కొత్తదేం కాదు. చందమామల దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన సీరియల్స్, తోకచుక్క, ముగ్గురు మాంత్రికులు, జ్వాలాద్వీపం, చిత్ర గారి బొమ్మలతోని నెలనెలా ఎదురుచూసి చదివిన పెద్దోళ్లు మన ఇండ్లల్ల ఇంక ఉన్నరు. వాళ్లను పిలిచి కూసోబెట్టుకోండ్రి, ఇంగ్లీష్ ఫాంటసీ చదివే ఇప్పటి పిల్లలకు వాళ్లు చెప్పే పోలిక ఏ రివ్యూల దొరకది. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు కూడ గిట్లనే, మణిసిద్ధుడు కాశీకి పోతున్న తొవ్వల మజిలీ మజిలీకి గోపబాలునికి కథ చెప్తడు, కథల కథ పుడ్తది, మళ్ల అదంతా ఎట్ల ముడి విప్పుతడో చూడాలె.

ఇంకొకటి. ఫాంటసీ చదివినోళ్లు "ఇది అసలు ఫలానా దాని గురించి రాసిండు" అని చెప్పుడు మస్తు అలవాటు. టోల్కీన్ మీద ఇది చానా నడుస్తది. 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' 1954, 55ల వచ్చింది, అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం అయిపోయింది, ఉంగరం అంటె ఆటంబాంబు అని చెప్పేటోళ్లు ఉన్నరు. రెండో ఎడిషన్ ముందుమాటల ఆయనే అట్లాంటి చాటు అర్థాలు నాకు పడవని రాసిండు. కాని అదే మనిషి మొదటి ప్రపంచ యుద్ధంల, 1916ల ఫ్రాన్స్‌ల జరిగిన సోమ్ లడాయిల ఉన్నడు, శవాలు తేలే ఆ చిత్తడి నేలల సీన్లకు సోమ్ తర్వాతి ఉత్తర ఫ్రాన్స్‌కు బాకీ ఎంతోకొంత ఉందని ఒక ఉత్తరంల ఒప్పుకున్నడు. అంటె "ఇది దాని గురించే" అనుడు వేరు, "ఇది అక్కడ్నుంచి వచ్చింది" అనుడు వేరు. మొదటిది చెప్పాల్నంటె రచయిత మాటతోని తల్కాయ కొట్టుకోవాలె, రెండోది చెప్పాల్నంటె పేజీ ఒకటి, ఆయన బతుకుల సంగతి ఒకటి చూపెడితె చాలు.

సిరీస్ అయితె ఎన్నో భాగం దాక చదివిన్రో ముందుగాల చెప్పుండ్రి. 150 పేజీల కాడ ఆపితె ఆపిన అని చెప్పుండ్రి, ఎందుకు ఆపిన్రో చెప్పుండ్రి, అది కూడ పనికొచ్చే అభిప్రాయమే.

యుద్ధ చరిత్రకు అడగాల్సినవి చానా ఉన్నయి

దీనికి మనకున్న సౌలతు చానా ఊర్లకు లేదు, పుస్తకం చంకల పెట్టుకొని ఖిలా వరంగల్ పోతె చాలు. 1309ల అలావుద్దీన్ ఖిల్జీ పంపిన మాలిక్ కాఫూర్ బయల్దేరి, 1310 మొదట్ల ఓరుగల్లును ముట్టడేసిండు. దాని మీద మనకున్న పెద్ద ఆధారం అమీర్ ఖుస్రో రాసిన 'ఖజాయిన్ ఉల్ ఫుతూహ్', ఆయన ఢిల్లీ సుల్తాను కవి. అండ్ల ఆయన మన మట్టికోట గురించి రాసిండు, ఉక్కు బల్లెం కూడ దిగదు, యంత్రంతోని విసిరిన రాతిగుండు తగిలితె పిల్లలు ఆడుకునే కాయ లెక్క ఎగిరి వెనకకు పడ్తది అని. గెలిచినోళ్ల దిక్కు కవి, ఓడినోళ్ల గోడను గింత ఎందుకు మెచ్చుకున్నడు? ఇది అడిగిన్నాడే యుద్ధ చరిత్ర చదువుడు మొదలైతది. గోడ నిజంగ గట్టిదైనా కావొచ్చు, గోడ ఎంత గట్టిదైతె గెలుపు అంత పెద్దదని సుల్తానుకు చూపెట్టుడైనా కావొచ్చు, రెండూ కావొచ్చు. పొయ్యి ఆ మట్టికట్ట మీద నిలబడి చూడుండ్రి, బయట కందకం, లోపల ఇంకింత దూరం పోయినంక రాతికోట. రాతికోట దర్వాజల నుంచి లోపలికి పోతుంటె నేరుగ తొవ్వ ఉండది, మలుపు తిరిగి ఇంకో దర్వాజ దాటాలె, ఇప్పటికీ ఆటోలు, బండ్లు అక్కడ స్లో అయి తిరుగుతయి. గుర్రం మీద ఉరుకొచ్చినోడు ఆ మలుపుల ఎందుకు ఆగాలె, పైన గోడ మీద ఉన్నోళ్లకు అప్పుడు వాడు ఎట్ల కనిపిస్తడు, అక్కడ నిలబడితె పుస్తకం చెప్పనక్కర లేకుంటనే తెలుస్తది. పుస్తకం బాగుందా లేదా అని చెప్పేటప్పుడు ఈ నేల గురించి రచయితకు సోయి ఉందా లేదా అనేది నేనైతె ముందుగాల చూస్త.

తర్వాత చూడాల్సింది, ఎవలు రాసిండ్రు, ఎప్పుడు రాసిండ్రు. కాకతీయ రాజు ప్రతాపరుద్రుని మీదికి ఉలుగ్ ఖాన్, అంటె తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ అయినాయన, మొదటిసారి వచ్చినప్పుడు ముట్టడి చెడిపోయింది, ఢిల్లీల సుల్తాను సచ్చిపోయిండని పుకారు లేచి సైన్యం ఆగమైంది. రెండోసారి 1323ల కోట పడింది. ఆ పుకారు ఎవలు పుట్టించిండ్రు? ఢిల్లీ చరిత్ర రాసిన బరనీ పుస్తకంల ఉబైద్ అనే కవి, ఇంకొంతమంది కలిసి పుట్టించిండ్రు. మొరాకో నుంచి వచ్చిన యాత్రికుడు ఇబ్న్ బతూతా రాసినదాంట్లనేమో ఉలుగ్ ఖానే తిరుగుబాటు మనసుల పెట్టుకొని ఆ కవితోని పుట్టించిండు. బరనీ తన పుస్తకం ముగించింది 1357ల, ఇబ్న్ బతూతా ఢిల్లీకి వచ్చింది 1334ల, ఇద్దరూ ఓరుగల్లు కోట ముందట నిలబడి చూసినోళ్లు కారు. మీరు చదివిన పుస్తకం ఈ రెండిట్ల ఒక్కటే చెప్పి రెండోది దాచిందా, రెండూ చెప్పి ఎందుకు ఒకదాన్ని నమ్మాల్నో చెప్పిందా? అభిప్రాయంల ఇది తప్పకుంట రాయుండ్రి, ఎందుకంటె రెండో రకం పుస్తకానికే పైసలు పెట్టాలె.

అంకెలు వచ్చిన కాడల్లా పెన్ను తియ్యాలె. లక్ష గుర్రాలు వచ్చినయి అని ఉంటె, ఒక్కో గుర్రానికి రోజుకు తక్కువల తక్కువ 25 లీటర్ల నీళ్లు, అంటె రోజుకు 25 లక్షల లీటర్లు, మరి మేత? వానల్లేని నెలలల్ల ఏ చెరువు కాడ దిగిండ్రు? కాకతీయులు చెరువులు మస్తు తవ్విండ్రు కాబట్టి మన దగ్గర ఈ లెక్క ఇంక రంజుగ ఉంటది, దాడికొచ్చినోళ్లు ఏ చెరువు పట్టుకొని వచ్చిండ్రో మ్యాప్ మీద వేలు పెట్టి చూడుండ్రి. లడాయి పుస్తకంల మ్యాప్ లేకుంటె అదొక పెద్ద లోటు, అది అందరికంటె ముందు చెప్పుండ్రి.

ఇగ దగ్గరి చరిత్ర, 1948. దీనికి జర జాగ్రత్త కావాలె. హైదరాబాద్ మీదికి భారత సైన్యం సెప్టెంబర్ 13న వచ్చింది, ఐదు రోజులల్ల అయిపోయింది. దాని మీద భారత ప్రభుత్వం దిక్కు నుంచి ఏజెంట్ జనరల్‌గ హైదరాబాద్‌ల ఉన్న కె.ఎం. మున్షీ 1957ల రాసిండు, నిజాం ప్రధానమంత్రి మీర్ లాయక్ అలీ 1962ల రాసిండు, సాయుధ పోరాటం నడిపిన పుచ్చలపల్లి సుందరయ్య 1972ల రాసిండు. ముగ్గురూ మూడు దిక్కుల నిలబడ్డోళ్లు, ముగ్గురూ తన దిక్కు నుంచే రాసిండ్రు. ఒక్కటి చదివి తీర్పు చెప్పొద్దు, కనీసం రెండు ఎదురెదురుగ పెట్టాలె. మన దిక్కు చానా ఇండ్లల్ల ఆ రోజుల ముచ్చట్లున్నయి, రజాకార్ల ముచ్చట్లు, దొర గడీల ముచ్చట్లు, పోలీస్ యాక్షన్ తర్వాత ఏమైందనే ముచ్చట్లు, కొన్ని చెప్తుంటె గొంతు పడిపోతది. అవి మాట్లాడనియ్యాలె, ఆపొద్దు. కాని "పుస్తకంల ఉన్నది" "మా నాయనమ్మ చెప్పింది" అని రెండు వేర్వేరుగ చెప్పాలె, కలిపితె రెండిటికీ నష్టమే. ఇంట్ల ముచ్చటను పుస్తకం తప్పని కొట్టిపడేసినా, పుస్తకాన్ని ఇంట్ల ముచ్చటతోని కొట్టిపడేసినా అక్కడ ఇంకో మనిషి మళ్ల నోరు తెరువడు.

కూసొని మాట్లాడేటప్పుడు

ఐదారుగురు చాలు. ఇల్లైనా సరే, పబ్లిక్ గార్డెన్ అయినా సరే, లైబ్రరీల పర్మిషన్ ఇస్తె ఇంక మంచిది. హన్మకొండల రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904ల పెట్టిండ్రు, నిజాం రాజ్యంల తెలుగు పుస్తకం కోసం జనం కూడిన జాగ అది, పుస్తకాల మీద ముచ్చట పెట్టుడు ఈ ఊరికి ఎంత పాతదో దాన్ని చూస్తె తెలుస్తది.

చిన్నోళ్లను ముందు మాట్లాడనియ్యాలె. మన కాడ పెద్దసారు ఒకసారి బాగుంది అన్నడంటె తర్వాత పిల్లలందరూ "అవు సార్" అంటరు తప్ప లోపలిది బయటపెట్టరు. నచ్చినోళ్లు ఒక్క లోపం చెప్పాలె, నచ్చనోళ్లు ఇది ఎవలకు నచ్చుతదో చెప్పాలె, ఈ షరతు ఒక్కటి పెట్టుకోండ్రి. ముచ్చట ఎట్ల నడవాల్నో ఒక మచ్చుకు చెప్త, డిగ్రీ చదివే పిలగాడు, రిటైరైన సారు, ఒక ముట్టడి మీద రాసిన పుస్తకం:

"సార్, నాకైతె నచ్చలె."

"ఏ పేజీల నచ్చలె బిడ్డ?"

"60 నుంచి 110 దాక సార్. ఒక్క లడాయి లేదు, ధాన్యం, ఎడ్లబండ్లు, జీతాలు, గిదే."

"మరి 180ల ముట్టడి ఎందుకు ఎత్తేసిండ్రో చదివినవా?"

"చదివిన సార్, ధాన్యం అందక."

"ఆ యాభై పేజీలు లేకుంటె అది నీకు సమజయ్యేదా?"

"అయ్యేది సార్. పది పేజీలల్ల చెప్తె సరిపోయేది, యాభై ఎందుకు?"

ఇద్దర్ల ఎవలూ ఓడలె, కాని పక్కన కూసున్న నలుగురికి ఆ పుస్తకం ఎసొంటిదో మొత్తం తెల్సిపోయింది, లెక్కలు ఇష్టమున్నోడు అడిగి తీస్కపోతడు, లేనోడు జోలికి పోడు. పిలగాడు తన మాట మీద నిలబడ్డడు, సారు నిలబడనిచ్చిండు, నాకు గిసొంటి ముచ్చట చానా ఇష్టం.

ఇంగ్లీష్‌ల చదివినోళ్లు, తెలుగుల చదివినోళ్లు కలిసి కూసుంటె మాట మాత్రం తెలుగుల నడపాలె, లేకుంటె సగం మంది వినుడుకే వచ్చినట్టయితది. సినిమా చూసి పుస్తకం చదవనోళ్లు వస్తె రానియ్యుండ్రి, చూసింది సినిమానే అని చెప్తె చాలు.

రాసి ఇచ్చేటప్పుడు

నోటితోని చెప్పింది గాలికి పోతది, అందుకే ఒక పేజీ రాసి పుస్తకంలనే పెట్టాలె. మారింది ఏంది, ఏ పేజీ మంచిగుంది, ఏ పేజీ పడలె, ఎవలకు పనికొస్తది, ఇవి ఉంటె చాలు, వరస ఏదైనా సరే. మొదటి నెలకు చిన్న పుస్తకం పెట్టుకోండ్రి, వెల్స్ 1895ల రాసిన 'ది టైం మెషీన్' అయితె రెండు రాత్రులల్ల అయిపోతది. దాని మీద నేనైతె గిట్ల రాస్త:

"ఒకాయన నికెల్, ఏనుగు దంతం, స్ఫటికంతోని మెషీన్ చేసుకొని 8,02,701వ సంవత్సరానికి పోతడు. ఆయన పేరు చివరిదాక చెప్పడు. మెషీన్ ఎట్ల నడుస్తదో చెప్పడు కాబట్టి అది కావల్సినోళ్లు వేరే పుస్తకం చూసుకోండ్రి. మొదట్ల నాలుగో డైమెన్షన్ మీద భోజనాల కాడ ముచ్చట ఉంటది, అక్కడ ఆపెయ్యబుద్ధయితది, ఆపొద్దు. నాకు మస్తు నచ్చింది ఏందంటె ఆయన అక్కడి మనుషులను చూసి ఒక అంచనా వేస్తడు, రెండు అధ్యాయాలల్ల అది తప్పయితది, మళ్ల ఇంకొకటి వేస్తడు, అదీ నిలువది. మనుషులు రెండు తీర్లుగ ఎందుకైండ్రో చెప్తలేను, కాని అది చదివినంక ఫ్యాక్టరీ ముందట నుంచి పోయినప్పుడు కొంచెం సేపు ఆలోచిస్తరు. వీనా అనే పిల్లను ఇంకింత మంచిగ రాయాల్సుండె, ఆమె మాట ఒక్కటి కూడ మనకు సరిగ వినిపియ్యది. ఇంటర్ నుంచి పైకి ఎవలైనా చదవొచ్చు, లడాయిలు కావల్సినోళ్లకు కాదు."

గింత రాసి పక్కనోళ్లకు ఇయ్యుండ్రి, చదివి ఎవలన్న పుస్తకం అడిగితె ఆ రోజే చేతుల పెట్టుండ్రి, పేరు, తారీఖు నోట్‌బుక్కుల రాసుకొని, చిట్టీలన్నీ తీసేసి.